ఐసీయూలో మొదలైన గ్యాస్ మాత్ర ఇంటికొచ్చాక కూడా వేసుకోవాలా?

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తాను. మీ నాన్నగారి వయసు 66. న్యుమోనియా వస్తే హిందూపురం నుంచి బెంగళూరు తీసుకొచ్చారు. నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. ఐసీయూలో రోజూ పాంటాప్రజోల్ (కడుపులో యాసిడ్ తగ్గించే మందు, మనం గ్యాస్ మందు అనేది) ఇంజెక్షన్ ఇచ్చారు, వార్డుకు మార్చాక కూడా ఇచ్చారు. డిశ్చార్జ్ అప్పుడు అదే మందు 40 మిల్లీగ్రాముల మాత్ర రాసి, కంటిన్యూ చేయమన్నారు. ఐదు నెలలైంది. ఆయనకు అంతకుముందు కడుపులో మంట గానీ అల్సర్ గానీ లేవు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్ తప్ప వేరే మందులు లేవు. మధ్యలో ఒకసారి మాత్ర ఆపితే మూడో రోజుకే ఛాతీలో మంట మొదలై మళ్లీ వేసుకుంటున్నారు. వార్డులో పక్క బెడ్డు మీద ఉన్న డెంగీ కుర్రాడికి కూడా ఇదే ఇంజెక్షన్ ఇవ్వడం చూసి, ఇది నిజంగా అవసరమా, బిల్లు పెంచడానికా, జీవితాంతం వాడాలా అని అడిగారు.

వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు ఆ ఇంజెక్షన్ అవసరమే. వార్డుకు వచ్చి నోటితో తినడం మొదలుపెట్టాక దాని పని అయిపోయింది. ఇంటికి రాసిన మాత్రకు, మీరు చెప్పిన వివరాలను బట్టి, నాకు కారణం కనిపించడం లేదు. అలాగని ఇవాళే పారేయమనను. ఆపే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి కింద రాస్తాను.

నేను బెంగళూరులో ఒక ఆస్పత్రిలో క్లినికల్ ఫార్మసిస్టుని. ఐసీయూ రౌండ్స్‌లో డాక్టర్లతో పాటు తిరుగుతూ, చార్టులో ఉన్న ప్రతి మందూ ఎందుకు, ఎంత, ఎన్నాళ్లు అని చూడటం నా పని. డాక్టర్ని కాదు, మీ నాన్నగారిని చూడలేదు. ఆ హద్దు గుర్తుపెట్టుకుని చదవండి.

ముందు ఐసీయూ సంగతి. జబ్బు ప్రాణం మీదికి వచ్చినప్పుడు, ముఖ్యంగా బీపీ పడిపోయినప్పుడు, శరీరం ఉన్న రక్తాన్ని మెదడుకూ గుండెకూ మళ్లిస్తుంది. కడుపుకూ పేగులకూ సరఫరా తగ్గిపోతుంది. కడుపు గోడను దాని యాసిడ్ నుంచే కాపాడే జిగురు పొర నిలబడాలంటే ఆ రక్తం కావాలి. అది తగ్గితే పొర పలచబడి, అక్కడక్కడా పైపైన పుండ్లు పడతాయి. అంటే చాలామందిలో యాసిడ్ పెరగడం వల్ల కాదు, గోడ తట్టుకోలేకపోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. తలకు పెద్ద దెబ్బ తగిలినవాళ్లలో మాత్రం యాసిడ్ కూడా బాగా పెరుగుతుంది. ఒళ్లు కాలినవాళ్లలో ఇలాంటి పుండ్ల గురించి లండన్ సర్జన్ థామస్ కర్లింగ్ 1842లోనే రాశాడు. మెదడు జబ్బుల్లో వచ్చే పుండ్ల గురించి అమెరికా న్యూరోసర్జన్ హార్వే కుషింగ్ 1932లో రాశాడు. ఇప్పటికీ ఐసీయూలో ఆ పుండ్లను వాళ్ల పేర్లతోనే పిలుస్తాం.

పుండు పడిన ప్రతివాళ్లకూ రక్తం పోదు. ఎవరికి పోతుందో తేల్చింది 1994లో కెనడాలో డెబొరా కుక్ బృందం ప్రచురించిన అధ్యయనం. ఐసీయూలో చేరిన 2,252 మందిని గమనించారు. రెండు కారణాలు స్పష్టంగా బయటపడ్డాయి. ఒకటి, 48 గంటలకు మించి వెంటిలేటర్ మీద ఉండటం. రెండు, రక్తం సరిగ్గా గడ్డకట్టకపోవడం, అంటే ప్లేట్‌లెట్లు 50 వేల కంటే తక్కువ ఉండటం, లేదా ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చూపే పరీక్ష) 1.5 దాటడం లాంటివి. ఈ రెండింటిలో ఒకటైనా ఉన్నవాళ్లలో 3.7 శాతం మందికి ప్రమాదకరమైన రక్తస్రావం జరిగింది. ఏదీ లేనివాళ్లలో 0.1 శాతం మందికే. గమనించండి, వీళ్లందరూ ఐసీయూ రోగులే. ఐసీయూలో ఉండి కూడా ఆ రెండూ లేకపోతే వెయ్యిమందిలో ఒకరికి జరిగేది అది. మరి వార్డులో కూర్చుని పేపర్ చదువుకుంటున్న మనిషికి ఎంత ఉంటుందో మీరే ఊహించండి.

ఈ రెండింటితో పాటు ఇవాళ మేం చూసేవి: బీపీ నిలబెట్టడానికి నార్‌అడ్రినలిన్ లాంటి మందు ఎక్కాల్సినంత షాక్, ముదిరిన లివర్ జబ్బు, తలకు తీవ్ర గాయం, ఒళ్లు బాగా కాలడం, ఏడాదిలోపు కడుపులో రక్తస్రావమైన చరిత్ర.

మీ నాన్నగారు నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు కాబట్టి జాబితాలో ఉన్నారు. ఇచ్చింది సరైనదే. ఇచ్చినందువల్ల ఎంత లాభం అంటే, 2024లో వచ్చిన రివైజ్ ట్రయల్ దానికి మంచి జవాబు ఇచ్చింది (దీని వెనక కూడా అదే డెబొరా కుక్, ముప్ఫై ఏళ్ల తర్వాత). 8 దేశాల్లో వెంటిలేటర్ మీద ఉన్న 4,821 మందిలో సగంమందికి రోజూ పాంటాప్రజోల్ 40 మిల్లీగ్రాములు, మిగతా సగానికి ఉత్త ద్రవం ఇచ్చారు. పెద్ద రక్తస్రావం మందు తీసుకున్నవాళ్లలో 1 శాతం మందికి, తీసుకోనివాళ్లలో 3.5 శాతం మందికి జరిగింది. అంటే దాదాపు నలభై మందికి ఇస్తే ఒకరిని రక్తస్రావం నుంచి తప్పించినట్టు. మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకుముందు 2018లో యూరప్‌లో జరిగిన సప్-ఐసీయూ ట్రయల్‌లోనూ ఇదే ధోరణి: రక్తస్రావం 4.2 నుంచి 2.5 శాతానికి తగ్గింది, మరణాలు తగ్గలేదు. ప్రాణం పోసే మందు కాదు, ఒక పెద్ద ఇబ్బందిని తప్పించే మందు. దానికి ఇవ్వాల్సినంత విలువ ఇస్తే చాలు.

ఇక వార్డు సంగతి. నేను ఎక్కువగా తలపట్టుకునేది ఇక్కడే.

బోస్టన్‌లో ఒక పెద్ద ఆస్పత్రి ఐసీయూ బయటి రోగుల మీద చేసిన విశ్లేషణ 2011లో వచ్చింది. అందులో ఆస్పత్రిలో ఉండగా కడుపు, పేగుల్లో రక్తస్రావమైనవాళ్లు 0.29 శాతం. ఒక్కరిని తప్పించడానికి సుమారు 770 మందికి ఈ మందు ఇవ్వాల్సి వస్తుందని లెక్క తేలింది. అమెరికాలో ఆస్పత్రి డాక్టర్ల సంఘం 2013లోనే, ముప్పు ఎక్కువ లేని వార్డు రోగులకు ఇది రాయొద్దని చూజింగ్ వైజ్‌లీ (అనవసర వైద్యాన్ని తగ్గించే ప్రచారం) జాబితాలో పెట్టింది. 2024లో ఐసీయూ నిపుణుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ, ముప్పు పోయాక ఆపేయాలని, ఐసీయూ నుంచి బయటికి పంపే ముందే ఆపాలని ఉంది.

అయినా మన దగ్గర ఏ వార్డుకు వెళ్లినా సెలైన్, యాంటీబయోటిక్, పాంటాప్రజోల్ మూడూ కలిసే కనిపిస్తాయి. బిల్లు కోసమా అన్నారు. బిల్లు పెంచాలనుకునేవాళ్లకు ఐసీయూలో ఇంతకన్నా పెద్ద దారులు చాలా ఉన్నాయండీ, ఈ వయల్ మీద మిగిలేది ఎంత! నేను చూసినంతలో ఇది డబ్బు కంటే అలవాటు. ఇంత మందు పోస్తున్నాం, కడుపు పాడవకుండా ఇది కూడా ఉండనీ అన్న ఆలోచన. రోగులు కూడా తక్కువ తినలేదు. యాంటీబయోటిక్ రాసి గ్యాస్ మాత్ర రాయకపోతే, మర్చిపోయారా సార్ అని వాళ్లే గుర్తుచేస్తారు. మామూలు యాంటీబయోటిక్‌కు ఇది అక్కర్లేదు. యాంటీబయోటిక్‌తో వచ్చే వికారం, విరేచనాలు యాసిడ్ వల్ల వచ్చేవి కావు.

పక్క బెడ్డు డెంగీ కుర్రాడి విషయం: ప్లేట్‌లెట్లు తగ్గడంతో పాటు షాక్‌లోకి వెళ్లి ఐసీయూలో ఉంటే లెక్క వేరు. వాంతులు, కడుపు నొప్పి ఉండి ఉపశమనానికి రెండు రోజులు ఇచ్చినా అది వేరే కారణం. హాయిగా తింటూ తిరుగుతున్న కుర్రాడికి నివారణ పేరుతో ఇవ్వడానికి ఆధారం లేదు. డెంగీలో అంతకంటే ముఖ్యమైనది, జ్వరానికీ నొప్పులకీ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకుండా పారాసిటమాల్‌తో సరిపెట్టడం. అవి వాడుతూ పైన గ్యాస్ ఇంజెక్షన్ ఇస్తే పిల్లిని చంకలో పెట్టుకుని పెళ్లికి వెళ్లినట్టే.

మాత్ర ఇంటిదాకా ఎలా వచ్చిందో కూడా చెబుతాను. డిశ్చార్జ్ సమ్మరీ రాసేటప్పుడు డ్యూటీ డాక్టర్ ముందు చివరి రోజు చార్టు ఉంటుంది. అందులో ఇంజెక్షన్లుగా ఉన్నవి మాత్రలుగా మారి సమ్మరీలోకి వస్తాయి. ఎందుకు మొదలైందన్నది మొదటి రోజు ఐసీయూ నోట్స్‌లో ఉంటుంది, దాన్ని వెనక్కి తిరగేసే తీరిక ఎవరికీ ఉండదు. బెంగళూరుకు వచ్చే మన తెలుగువాళ్లలో ఇది మరీ ఎక్కువ. హిందూపురం, మదనపల్లె, అనంతపురం, కడప నుంచి వస్తారు, తగ్గాక ఊరికి వెళ్లిపోతారు. ఊళ్లో డాక్టరుగారేమో బెంగళూరులో పెద్ద డాక్టరు రాసింది నేనెందుకు తీసేయాలి అనుకుంటారు. ఇక్కడి డాక్టరేమో లోకల్‌గా చూసుకుంటారులే అనుకుంటారు. మధ్యలో మందుల షాపులో స్ట్రిప్ తర్వాత స్ట్రిప్ వస్తూనే ఉంటుంది. మా ఐసీయూలో ఇప్పుడు ఈ మందు రాసేటప్పుడే పక్కన కారణం కూడా రాయమని పట్టుబడుతున్నాం. వెంటిలేటర్ తీసేసి, బీపీ మందు ఆగి, రోగి తినడం మొదలుపెడితే మందు కొట్టేస్తాం. అయినా కొన్ని జారిపోతూనే ఉంటాయి.

వాడితే నష్టమేంటి? ఇక్కడ భయపెట్టే వార్తలు చాలా తిరుగుతుంటాయి, కిడ్నీలు పోతాయి, ఎముకలు విరుగుతాయి, మతిమరుపు వస్తుంది అంటూ. వాటిలో చాలావరకు, ఈ మందు వాడేవాళ్లను పక్కనుంచి గమనించి చెప్పినవి. జబ్బులెక్కువ ఉన్నవాళ్లే ఈ మందు ఎక్కువ వాడతారు కాబట్టి ఏది దేనివల్లో విడదీయడం కష్టం. 2019లో వచ్చిన కంపాస్ ట్రయల్‌లో సగటున మూడేళ్లు పాంటాప్రజోల్ ఇచ్చి చూస్తే, పేగు ఇన్ఫెక్షన్లు కొంచెం పెరగడం తప్ప మిగతా భయాలు నిజమవలేదు. కాబట్టి ఐదు నెలలు వాడేశాం, ఏమైపోతుందో అని టెన్షన్ పడకండి.

కానీ మీ నాన్నగారి విషయంలో నేను పట్టించుకునేది ఒకటుంది, విటమిన్ బి12. ఆహారంలోంచి బి12 విడివడాలంటే యాసిడ్ కావాలి, ఈ మాత్ర దాన్ని తగ్గిస్తుంది. మెట్‌ఫార్మిన్ కూడా ఏళ్ల తరబడి వాడితే బి12ను తగ్గిస్తుంది. రెండూ కలిస్తే, పైగా మనిషి శాకాహారి అయితే, లోటు తొందరగా బయటపడుతుంది. కాళ్లు తిమ్మిర్లు ఎక్కుతుంటే షుగర్ వల్లేలే అని వదిలేస్తారు. ఈసారి షుగర్ టెస్టుకు వెళ్లినప్పుడు బి12 కూడా చూపించండి.

మరో రకం నష్టం మదనపల్లె నుంచి వచ్చే ఒక పెద్దావిడలో చూశాను. రక్తంలో ఇన్ఫెక్షన్‌తో ఐసీయూలో ఉండి వెళ్లారు, మీ నాన్నగారిలాగే గ్యాస్ మాత్ర ఇంటికి వెళ్లింది. ఆవిడకు ముందునుంచీ థైరాయిడ్ ఉంది. రెండూ పరగడుపు మాత్రలే కాబట్టి పొద్దున్నే కలిపి మింగేవారు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ సరిపోకపోతే పెరిగే హార్మోన్) పెరుగుతూ పోయింది, థైరాక్సిన్ (ఆవిడ థైరాయిడ్ మాత్ర) డోసు పెంచారు, మళ్లీ పెంచారు. మందులన్నీ సంచిలోంచి బయట పెట్టించి చూస్తే సంగతి తెలిసింది. యాసిడ్ తగ్గితే థైరాక్సిన్ సరిగ్గా ఒంటికి పట్టదు. గ్యాస్ మాత్ర ఆపాక డోసు తిరిగి తగ్గించాల్సి వచ్చింది. ఐరన్ మాత్రలతోనూ ఇదే ఇబ్బంది.

స్ట్రిప్ మీద పాంటాప్రజోల్ పక్కన డొంపెరిడోన్ అని కూడా ఉందేమో చూడండి. మన దగ్గర "డి" తోక ఉన్న కాంబినేషన్లు విరివిగా రాస్తారు. డొంపెరిడోన్ వికారానికి కొద్ది రోజులు వాడే మందు. పెద్ద వయసులో గుండె లయను దెబ్బతీసే అవకాశం ఉందని యూరప్‌లో 2014లో దాన్ని వారం రోజులకు మించి సాధారణంగా వాడొద్దన్నారు. అది ఉంటే ముందు ఆ తోక తీసేయమని డాక్టరుతో మాట్లాడండి.

ఇప్పుడు రెండో వైపు. ఈ మాత్ర ఆపకూడనివాళ్లు ఉన్నారు. స్టెంట్ వేసి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్న పెద్దవాళ్లు, గతంలో అల్సర్ నుంచి రక్తం పోయినవాళ్లు, కీళ్ల నొప్పులకు రోజూ పెయిన్ కిల్లర్ వాడే 65 దాటినవాళ్లు, ఎండోస్కోపీలో అన్నవాహిక బాగా దెబ్బతిన్నట్టు తేలినవాళ్లు. వీళ్లు వాడేది ఐసీయూ పుండ్ల కోసం కాదు, కారణం వేరు, అది ఇంకా ఉంది. చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన స్టెంట్ వేయించుకున్నాక వాట్సాప్‌లో ఏదో చదివి గ్యాస్ మాత్ర ఒక్కటే మానేశారు. రక్తం పలచబడే మందులు రెండూ వేసుకుంటూనే ఉన్నారు. నల్లటి విరేచనాలతో, హిమోగ్లోబిన్ పడిపోయి ఎమర్జెన్సీకి వచ్చారు. అందుకే ఎవరైనా ఆపొచ్చా అని అడిగితే నా మొదటి ప్రశ్న, ఇంకా ఏమేం వాడుతున్నారు? నొప్పి వస్తే షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు కూడా అందులో చేరతాయి, చాలామంది వాటిని మందులుగా లెక్కవేయరు. మీ నాన్నగారి మోకాళ్ల గురించి ఒకసారి అడగండి.

(క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు చిన్న మాట: ఇదే రకం గ్యాస్ మాత్రలైన ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ ఆ మందు పనిని తగ్గిస్తాయి. పాంటాప్రజోల్‌తో ఆ గొడవ తక్కువ.)

ఆపితే మూడో రోజుకే మంట వచ్చింది కాబట్టి అవసరం ఉన్నట్టే కదా అనిపించొచ్చు. అలా కాదండీ. యాసిడ్‌ను నెలల తరబడి అణచిపెడితే శరీరం గాస్ట్రిన్ అనే హార్మోన్ పెంచి, యాసిడ్ తయారీకి ఎక్కువ కణాలను సిద్ధం చేసుకుంటుంది. మాత్ర ఆపగానే అవన్నీ ఒక్కసారిగా పనిలోకి దిగుతాయి. 2009లో డెన్మార్క్‌లో, కడుపులో ఏ బాధా లేని 120 మంది ఆరోగ్యవంతులను తీసుకుని, సగం మందికి ఎనిమిది వారాలు ఇదే రకం మందు ఇచ్చి ఆపి చూశారు. ఆపాక 44 శాతం మందికి మంట, పులితేన్పులు వచ్చాయి. ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో 15 శాతానికే. అంటే మందే ఆ మంటను తయారుచేసింది. ఇది కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. జబ్బు తిరగబెట్టింది అనుకుని మళ్లీ మొదలుపెట్టడంతోనే చాలామంది ఇందులో ఇరుక్కుపోతారు.

మీ డాక్టరుకు చెప్పి ఇలా ప్రయత్నించవచ్చు. 40 బదులు 20 మిల్లీగ్రాముల మాత్ర రెండు వారాలు, తర్వాత రోజు విడిచి రోజు ఇంకో రెండు వారాలు, ఆ తర్వాత ఆపేయడం. 40 మాత్రను సగం విరవకండి. దానిపై పూత యాసిడ్‌లో మందు చెడిపోకుండా వేసింది, విరిస్తే మందు వృథా. మధ్యలో మంట వస్తే యాంటాసిడ్ సిరప్, లేదా అవసరమైన రోజున ఫామోటిడిన్ (యాసిడ్ తగ్గించే వేరే రకం మాత్ర) 20 మిల్లీగ్రాములు సరిపోతాయి. కిడ్నీలు బలహీనంగా ఉన్న పెద్దవాళ్లలో ఫామోటిడిన్ తికమక తెస్తుంది కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) చూసుకోవాలి. రాత్రి భోజనం త్వరగా ముగించి, తిన్న వెంటనే పడుకోకుండా ఉంటే ఆ నెల రోజులూ తేలిగ్గా గడుస్తాయి. ఒక్కసారిగా ఆపినా ప్రమాదమేమీ లేదు. కానీ ఒకసారి భయపడి వెనక్కి వెళ్లినవాళ్లకు మెల్లగా తగ్గించడమే మేలని నా అనుభవం. రెండు నెలలు దాటినా మంట తగ్గకపోతే అప్పుడది నిజంగా వేరే సమస్య కావచ్చు, డాక్టరు పరీక్ష చేయాలి.

డాక్టరు దగ్గరికి డిశ్చార్జ్ సమ్మరీ తీసుకెళ్లండి. ఈ మాత్ర ఐసీయూలో వెంటిలేటర్ కోసం మొదలుపెట్టారు, ఇప్పుడు ఇంకేదైనా కారణం ఉందా అని సూటిగా అడగండి. ఆపేయొచ్చా అని అడిగితే చాలాసార్లు ఉండనీలే అనే జవాబే వస్తుంది.

మాత్ర తగ్గిస్తున్న రోజుల్లో రక్తం వాంతి అయినా, కాఫీ పొడిలాంటి వాంతి అయినా, తారులా నల్లగా, జిగటగా, విపరీతమైన వాసనతో విరేచనం అయినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా ఆలస్యం చేయకుండా దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్లండి, బెంగళూరు దాకా రావాలని చూడొద్దు. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకు కూడా మలం నల్లగానే వస్తుంది, కానీ అది గట్టిగా ఉంటుంది, ఆ జిగట, ఆ వాసన ఉండవు. తేడా తెలియకపోతే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.